నేల మీద బఠాణీ

ఆపద వచ్చినప్పుడు చిన్నదాన్ని చేతుల్లోకి ఎత్తుకుంటే చాలు, అది క్షేమమని ఒక నమ్మకం ఉంది. దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఎవరూ పరీక్షించి చూడనూ లేదు; పరీక్షించాలన్న ఆలోచన రాకముందే చేతులు చాచుకుంటాయి కనుక. ఆ ఇంట్లో ఈ నమ్మకం వయసు బుల్లి కుక్క బఠాణీ వయసుతో సమానం.

ఆ పొద్దున కూడా బఠాణీ చేతుల్లోనే ఉంది. వణుకుతోంది.

అత్తగారు దాన్ని గుండెకు హత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. భోజనాల బల్ల మీద పాత దుప్పటి మూట ఒకటి ఉంది. ఆవిడ చిన్నకొడుకు దాన్ని గోదాము నుంచి తెచ్చి అక్కడ పెట్టి, ఏదో సాధించినవాడిలా చేతులు దులుపుకున్నాడు. దుప్పటి వాసన గది నిండా వ్యాపించింది: తడి గోనె, తుప్పు, వాటి కింద ఒక పెద్ద జంతువు ఒళ్ళు. మనుషుల ముక్కులకు అది అందేలోగానే బఠాణీ అల్మరా కిందికి దూరింది. అక్కడి నుంచి లాగి ఎత్తుకున్నది అత్తగారు.

"వాసనకే ఇలా అయితే మనిషి వస్తే ఏమవుతుంది?" అంది కోడలు.

"మనిషి కాదు, కుక్క," అన్నాడు భర్త. "ముందు వాసన రావాలిట. తర్వాత అది రావాలిట. కుక్కలకు నడత నేర్పే ఈల టీచరు చెప్పింది."

కోడలు మూట విప్పింది. మడతలోంచి లారీ టైరు ముక్క ఒకటి దొర్లి బల్ల మీద పడింది. రాబోయే కుక్క దుంగ ఆడుకునే వస్తువు అదేనని చెబుతూ భర్త నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు.

ఆమె కట్టుడుపళ్ళు చేస్తుంది. భోజనాల బల్ల పక్క గదే ఆమె పనిగది. వైద్యులు పంపే దవడల సుద్ద అచ్చులు అక్కడి అరల్లో నోళ్ళు తెరుచుకుని వరసగా ఉంటాయి. మైనం మీద పడిన గుర్తును బట్టి ఎవరు ఏ వైపు నమిలేదీ, ఎవరి కొరుకుడు ఎంత బలమైనదీ ఆమె చెప్పగలదు. అలవాటు కొద్దీ టైరు ముక్కను కిటికీ వెలుగులోకి తిప్పింది. రెండు కోరపళ్ళ గుంటలు కనిపించాయి. ఒకదాంట్లో చిటికెన వేలు పెడితే గోరు మునిగింది.

లోపలికి వెళ్ళి, పళ్ళ మధ్య దూరం కొలిచే కంపాసు తెచ్చింది. దాని రెండు మొనల్ని రెండు గుంటల్లో ఆనించింది. ఆ ఎడం చెదరకుండా పట్టుకుని వచ్చి, అత్తగారి చేతుల్లో ఉన్న బఠాణీ మెడ పక్కన పెట్టి చూసింది. మెడ ఆ మొనల మధ్య పట్టింది. ఇంకా కొంత చోటు మిగిలింది.

భర్త టైరు ముక్కను వేలితో నొక్కి చూశాడు.

"నువ్వు కొలిచింది రబ్బరు," అన్నాడు.

"నేను కొలిచింది నోరు."

దుంగ అతని అన్న పెంచిన కుక్క. అన్న పాత ఇనుము గోదాముకు కాపలాదారు. పేర్చి ఉన్న ఇనుపకమ్మీలు జారి కాలి మీద పడిన నాటి నుంచీ ఆసుపత్రిలో ఉన్నాడు; కాలు ఉంచుతారో తీసేస్తారో వైద్యులు ఇంకా తేల్చలేదు. ఈలోగా గోదాము చేతులు మారింది. కొత్తవాళ్ళకు స్థలం కావాలి, కుక్క అక్కర్లేదు. ఎవరూ తీసుకుపోకపోతే వీధికుక్కలను పట్టే బండికి అప్పగిస్తామన్నారు. ఆ బండి ఎక్కిన కుక్కల్లో తిరిగి వచ్చినదాన్ని ఆ వీధిలో చూసినవారు లేరు.

ఇందులో ఏదీ కోడలికి తెలియనిది కాదు. తెలిసినందువల్ల భయం తగ్గలేదు. అది ఇన్నేళ్ళలో ఎవరినీ కరవలేదని, అసలు మొరగనే మొరగదని, దుంగలా పడి ఉంటుంది కనుకనే అన్నయ్య ఆ పేరు పెట్టాడని భర్త మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు.

"మొరిగే కుక్క కరవదంటారు," అంది ఆమె. "మొరగని కుక్క సంగతి ఏ సామెతలోనూ లేదు."

"మీ అన్నయ్య కుక్కయితే ఈపాటికి పరుపు వేసేదానివి."

"మా అన్నయ్య బల్లిని చూసి మంచమెక్కే మనిషి. ఆయన కుక్కను తెస్తే ముందు ఆయన్నే డాక్టరుకి చూపిస్తాను."

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవారు. అతను టైరు ముక్కను దుప్పటిలో చుట్టి, మూటను బల్ల కిందికి తోశాడు. లిఫ్టు మెకానిక్కు అతను; ఊరందరినీ పైకి చేర్చి తన ఇంటికి మాత్రం మెట్లెక్కి వస్తాడని వీధిలో వేళాకోళం చేస్తారు. ఆ పొద్దున పనికి వెళుతూ అతను మెట్లు దిగిన చప్పుడు ఎప్పటికన్నా గట్టిగా వినిపించింది.

అత్తగారికి మాత్రం వినిపించలేదు. ఆవిడకు చెవులు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. వినికిడి యంత్రం ఉంది. పెట్టుకుంటే రేకుల మీద వాన కురిసినట్టుంటుందని సొరుగులో పడేసింది. గంట మోగితే, పాలు పొంగితే, ఫోను పలికితే బఠాణీ పరుగున వచ్చి ఆవిడ కాళ్ళ ముందు గిర్రున తిరుగుతుంది. ఆవిడ లేచి చూస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ చెవులు నేల మీద నాలుగు కాళ్ళతో తిరుగుతుంటాయి.

తిరగడం అనే మాట కూడా అంత సరైనది కాదు. బఠాణీ నేల మీద నడిచిన దూరం కన్నా చేతుల మీద ప్రయాణించిన దూరమే ఎక్కువ.

పనిగదికి సగం తలుపు ఉంది, నడుము ఎత్తు వరకూ. కాగిన మైనం, పళ్ళను అరగదీసిన పొడి, చిన్న మంట: అక్కడికి కుక్క రాకూడదు. తలుపు కింద జానెడు సందుంది కనుక వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కోడలు దాన్ని ఎత్తి, తల తిప్పకుండానే తలుపు మీదుగా అందిస్తుంది. తలుపు అవతల కుర్చీలో కూర్చునే అత్తగారు, తనూ చూడకుండానే, చేతులు చాచి అందుకుంటుంది. దీనికి మాట అవసరం లేదు. ఒకరి చేతులు లేస్తే రెండోవారి చేతులు చాచుకుంటాయి. అత్తాకోడళ్ళు మాట్లాడుకోని రోజుల్లోనూ ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిన దాఖలా లేదు.

ఆ మధ్యాహ్నం అలా అందుకున్నాక అత్తగారు కుర్చీలో వెనక్కి వాలలేదు.

"నిన్న ఆసుపత్రిలో కాలి సంగతి ఎత్తితే వాడు అటు తిరిగి పడుకున్నాడు," అంది. "దుంగ సంగతి ఎత్తితే లేచి కూర్చున్నాడు."

కోడలు సగం తలుపు మీదికి వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "బఠాణీకి ఏమన్నా అయితే, అత్తయ్యా?"

"దీనికేమన్నా అయితే నాకు చెవులుండవు. వాడికేమన్నా అయితే..." అత్తగారు బఠాణీ వీపు నిమిరింది. "ఇద్దరిలో ఎవరని నన్నడక్కే అమ్మాయ్," అంది.

కోడలు అడగలేదు. మైనపు కత్తి చేతిలోకి తీసుకుంది. ఎవరిదో పైదవడ ముందు కూర్చుని చాలాసేపు ఒక్క పన్నూ పెట్టలేదు. వీధిలో నడిపించి చూడటానికి మాత్రం ఒప్పుకుంటానని ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. అంతవరకే అంది. అతను రెండోసారి అడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందో అని.

ఈల టీచరు ఒకప్పుడు బడిలో డ్రిల్లు చెప్పిన మనిషి. ఇప్పుడు పిల్లల బదులు కుక్కలు. మెడలో ఈల మాత్రం అదే. రోడ్డుకు ఆ పక్క దుంగతో భర్తను, ఈ పక్క బఠాణీతో కోడలిని నిలబెట్టి, ఒకే దిక్కుకు నడవమంది. ఒకరినొకరు చూడనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు, ఊరికే నడిస్తే చాలు.

కోడలు దుంగను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. బూడిదరంగు ఒళ్ళు. తల ఆమె నడుముకు వస్తుంది. అది తొందరపడకుండా, పాదం పాదమూ తూచి నడుస్తోంది. ఆ నెమ్మదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. గెంతే కుక్క ఏం చేయబోతోందో కనిపిస్తుంది. దీని లోపల ఏముందో పైకి తెలియడం లేదు.

ఆమె అరచేతిలో తాడు చెమటకు తడిసింది. కానీ ఏమీ జరగలేదు. గోడ చివరిదాకా వెళ్ళారు, వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. రోడ్డు వెడల్పు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి పక్కపక్కనే నడిచారు. బఠాణీ ఒకచోట ఆగి గడ్డి వాసన చూసింది. దుంగ అదేచోట ఆగి అదే గడ్డి వాసన చూసింది.

"ఇప్పుడు చిన్నదాన్ని ఎత్తుకోండి," అంది ఈల టీచరు.

కోడలు ఎత్తుకుంది. దుంగ అంతెత్తున వెనక కాళ్ళ మీద లేచింది. తాడు బిగిసి భర్త ముందుకు తూలాడు. అది అరవలేదు, గుర్రుమనలేదు. గాలిలో ముందుకాళ్ళు ఆడిస్తూ, మెడ చాచి, కోడలి చేతుల్లో ఉన్నదాని కోసం చూస్తోంది. 

"దింపండి."

దింపింది. దుంగ ముందుకాళ్ళు నేలకు ఆనాయి. మళ్ళీ గడ్డి వైపు తిరిగింది.

"చూశారా? కోపం కాదమ్మా, ఆత్రం," అంది ఈల టీచరు. "నేల మీద ఉన్నంతసేపు అదీ తనలాంటి కుక్కే. పైకెత్తారా, అదేమిటో చూడాలి. చూడాలంటే అందుకోవాలి."

"మీద పడితే?"

"మీద పడకుండా ఉండాలంటే ఎత్తొద్దు. ఇల్లు కూలుతున్నా సరే ఎత్తొద్దు. మరీ ఉండబట్టకపోతే చేతులు వెనక్కి కట్టుకోండి. చిన్నప్పుడు డ్రిల్లులో కట్టుకోలేదూ?"

కొన్నాళ్ళు ఇలాగే నడిపించి, తర్వాత ఇంట్లోకి తేవాలని చెప్పింది. పనిగది సగం తలుపు సంగతి విని సంతోషించింది. చిన్నది తలుపుకు ఈవల, పెద్దది ఆవల, మెడకు తాడుతో. మొదట్లో అలాగే ఉంచమంది. అంతకన్నా మంచి ఏర్పాటు కొనుక్కుందామన్నా దొరకదని కూడా అంది.

ఎత్తకూడదన్న సంగతి అత్తగారికి చెప్పే పని కోడలు తన మీద వేసుకుంది. ఆవిడ చెవి దగ్గర మూడుసార్లు చెప్పింది, చేతులతో అభినయించి చూపింది, తిరిగి అప్పజెప్పించుకుంది. అత్తగారు మరిచిపోతుందేమోనన్నది అందరి బెంగ. కోడలు మరిచిపోతుందన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఎక్కువ భయపడేవారు ఎక్కువ జాగ్రత్తగా ఉంటారన్నది మరొక నమ్మకం.

అనుకున్న గడువు వారికి దక్కలేదు. మర్నాడు భోజనాలవేళ దాటాక ఫోను మోగింది. బఠాణీ అత్తగారి కాళ్ళ ముందు గిర్రున తిరిగింది. తీసింది కోడలు.

"కింద ఉన్నాను," అన్నాడు భర్త. "అదీ ఉంది."

"ఇంకా నడిపించాలన్నారు కదండీ."

"కొత్తవాళ్ళు తాళాలు పుచ్చేసుకున్నారు. గొలుసు విప్పి తాడు నా చేతిలో పెట్టారు. ఏం చెయ్యమంటావు? కరెంటు స్తంభానికి కట్టేసి రానా?"

ఆమె జవాబు చెప్పేలోగా ఫోను ఆగిపోయింది. మెట్ల మీద గోళ్ళ చప్పుడు మొదలైంది. రాతి మీద గోళ్ళు: నాలుగు పాదాలు, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, ఒక్కొక్క మెట్టూ. ఆమె తలుపు గొలుసు మీద చెయ్యి వేసి నిలబడింది. గొలుసు తీయకుండా ఉండటం ఎంత తేలికో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. వేళ్ళు కదపకపోతే చాలు. అంతే.

అత్తగారికి గోళ్ళు వినపడవు. కానీ బఠాణీ చెవులు ఎటు తిరిగాయో చూసింది. కోడలి ముఖం చూసింది.

"తలుపు తియ్యమ్మా," అంది. "వాడి బిడ్డే వచ్చింది."

కోడలు పనిగదిలోకి వెళ్ళి మంట ఆర్పింది. మైనపు గిన్నెను పై అరలో పెట్టింది. బఠాణీని పిలిచి లోపలికి రప్పించింది, ఎత్తలేదు. సగం తలుపు గడియ వేసింది. తర్వాత వీధి తలుపు గొలుసు తీసి, వెనుదిరిగి చూడకుండా పనిగదిలోకి వచ్చి మళ్ళీ గడియ వేసుకుంది.

దుంగ వచ్చింది. గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. బల్ల కింద తన దుప్పటిని చూసి దాని దగ్గరకు వెళ్ళింది. గోడలు, కుర్చీకాళ్ళు, చెప్పుల జతలు ఒక్కొక్కటే వాసన చూసింది. చివరికి అత్తగారి కుర్చీ దగ్గరకు వచ్చి, నిట్టూర్పులాంటిది ఒకటి విడిచి, ఆవిడ పాదాల పక్కన పడుకుంది. ఆవిడ వంగి దాని నుదుటి మీద చెయ్యి వేసింది.

"వాడి గది వాసనే," అంది. కళ్ళు తుడుచుకుంది.

సగం తలుపు వెనక కోడలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఒక చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా. బఠాణీ ఆమె మడమల మధ్య ఉంది. కొంతసేపు గడిచింది. ఏమీ జరగని ఆ కొద్దిసేపటిని ఆమె శరీరం నమ్మలేదు.

భర్త ముఖం విప్పారింది. ఇలాగే ఉండండి, అన్నయ్యకు ఫోటో పంపుతానన్నాడు. మాట వినపడక అత్తగారు చూసింది. అతను ఫోను ఎత్తి చూపాడు. ఫోటో అంటే లేచి నిలబడాలన్నది ఆవిడ పాత అలవాటు. లేచి చీర సర్దుకుంది. అతను తాడును బూటు కింద అదిమి, రెండు చేతులా ఫోను పట్టుకున్నాడు.

అప్పుడే బఠాణీ తలుపు కింది సందు దగ్గరకు నడిచింది.

ఈవల నుంచి ఒక ముక్కు, ఆవల నుంచి ఒక ముక్కు. దుంగ మూతి సందులోంచి కళ్ళదాకా లోపలికి వచ్చింది. పీల్చిన గాలికి నేల మీది సుద్దపొడి లేచింది. బఠాణీ గొంతులో ఏదో చిన్నగా గుర్రుమంది. దుంగ నోరు తెరిచింది. అది ఆవులింత. బెదురుగా ఉన్న కుక్కలు ఆవులిస్తాయని ఈల టీచరు చెప్పింది కూడా.

కోడలు చూసింది ఆవులింతను కాదు. పై కోరపళ్ళు, కింది కోరపళ్ళు, వాటి మధ్య ఎడం. ఆ ఎడం ఆమెకు తెలుసు.

చేతులు వెనక్కి కట్టుకునే ఉంది. ఆ విషయం ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది అరచేతుల్లో బఠాణీ గుండె కొట్టుకోవడం. అప్పటికే సగం తలుపు అవతల రెండు చేతులు చాచుకుని ఉన్నాయి, రోజూలాగే.

అందించేసింది.

తలుపుకు ఈవల, గడియ వేసిన గదిలో ఉన్న కుక్కను తలుపుకు ఆవల ఉన్నవారికి అందించింది. దుంగ ఉన్నది ఆవలే.

సందులోంచి మూతి వెనక్కి పోయింది. బూటు కింది నుంచి తాడు జారింది. దుంగ వెనక కాళ్ళ మీద లేచి ముందుకాళ్ళు అత్తగారి భుజాలకు ఆనించింది, మెడ చాచింది. అరుపు లేదు. అత్తగారి చేతులు ఖాళీగా ఉంటే కుర్చీని పట్టుకునేదో, తలుపును పట్టుకునేదో. ఖాళీగా లేవు. ఆవిడ వెనక్కి పడింది. పడుతున్నంతసేపూ బఠాణీని రెండు చేతులా పైకెత్తే పట్టుకుంది.

నేలను తాకిన చప్పుడు పెద్దది కాదు.

భర్త దుంగను మెడపట్టీ పట్టి ఈడ్చాడు. అది ప్రతిఘటించలేదు. బల్లకోడుకు కట్టేశాడు, ముడి రెండుసార్లు జారింది. కోడలికి గడియ తీయడం చేతకాలేదు. వేళ్ళు ఎటు తిప్పాలో మరిచిపోయాయి. చివరికి భర్త వచ్చి బయటి నుంచి చెయ్యి పెట్టి తీశాడు.

అత్తగారు కళ్ళు తెరిచే ఉంది. కుడికాలు ఉండవలసిన తీరులో లేదు.

"దానికేమైంది?" అని అడిగింది.

కోడలు వంగి, తన పెదవులు ఆవిడకు కనిపించేలా, బాగుందని చెప్పింది. చూపించడానికి చేతులు బఠాణీ వైపు వెళ్ళబోయాయి. ఆపుకుంది. మళ్ళీ చెప్పింది: బాగుంది, అత్తయ్యా.

అంబులెన్సు మనుషులు లిఫ్టు ఎక్కడని అడిగారు. లేదని లిఫ్టు మెకానిక్కే చెప్పాడు. స్ట్రెచరును మెట్ల మలుపుల్లో నిలువుగా ఎత్తి దింపవలసి వచ్చింది. అత్తగారు అప్పుడు మాత్రం అరిచింది. వెంట ఒక్కరికే చోటుందన్నారు.

మెట్ల మలుపులో భర్త ఆగాడు. పైకి చూశాడు.

"నేనొచ్చేసరికి అది ఇంట్లో ఉండకూడదు."

"ఎత్తింది నేను," అంది ఆమె.

"ఎగిరింది అది."

"ఎత్తొద్దని నేనే మూడుసార్లు చెప్పాను, అత్తయ్యకి. ఎత్తింది నేనే."

 కింది నుంచి పిలిచారు. వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికి వచ్చి తలుపు వేసింది. వేశాక, ఆ తలుపుకు ఈవల తానూ రెండు కుక్కలూ తప్ప ఎవరూ లేరని తెలిసింది. తెలిసిన తర్వాత కదలలేకపోయింది.

బల్ల కొంచెం జరిగింది. దుంగ తాడును లాగడం లేదు, ఊరికే ఒత్తిగిలింది. అయినా ఆ చప్పుడుకు ఆమె వీపు గోడకు అతుక్కుంది. బఠాణీ కుర్చీ కింది నుంచి బయటికి వచ్చింది. నేల మీద, గది మధ్య, నిలబడింది. దాని అంత చిన్న వస్తువు ఆ గదిలో ఇంకొకటి లేదు. దాని ముందు బల్ల, బల్ల కింద దుప్పటి, దుప్పటి మీద దుంగ.

"ఇటు రా," అంది ఆమె. 

బఠాణీ అటు నడిచింది.

నాలుగడుగులు వేస్తే దాన్ని అందుకోవచ్చు. కంపాసు మొనల మధ్య మెడ మళ్ళీ ఆమె కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె చేతులు వెనక్కి పెట్టి, తన వీపుకూ గోడకూ మధ్య ఇరికించుకుంది. వేళ్ళు సున్నం గీరుతున్నాయి. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు.

దుంగ తల ఎత్తింది. బఠాణీ ఆగింది. దుంగ ముక్కు దాని చెవి దగ్గరకు, మెడ దగ్గరకు, పొట్ట కిందికి వెళ్ళింది. అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత దుంగ గడ్డాన్ని నేలకు ఆనించింది. బఠాణీ దుప్పటి అంచును కాలితో రెండుసార్లు గీరి, మెలిక తిరిగి, ఆ అంచు మీదే కూర్చుంది.

ఫోను మోగింది.

బఠాణీ లేచింది. అత్తగారి కుర్చీ దగ్గరకు పరుగెత్తి, దాని ముందు గిర్రున తిరిగింది. ఆగి చూసింది. మళ్ళీ తిరిగింది.

కోడలు గోడ నుంచి విడివడి ఫోను తీసింది. ఆసుపత్రి నుంచే. కానీ భర్త కాదు.

"అమ్మాయ్, నేను," అన్నాడు బావగారు. మంచం మీద నుంచి మాట్లాడుతున్నా గొంతు హుషారుగా ఉంది. "తమ్ముడు ఫోటో పంపుతానన్నాడు, ఇంకా రాలేదు. చేస్తే తియ్యడం లేదు. దుంగ ఇంట్లోకి వచ్చిందా?"

"వచ్చింది బావగారూ."

"ఏం చేస్తోంది?"

"పడుకుంది."

"బఠాణీ?"

"బాగుంది."

"నేను చెప్పలా? నువ్వొక్కదానివే తెగ భయపడ్డావట." ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో కాలు నొప్పెట్టినట్టుంది, ఊపిరి బిగబట్టి వదిలాడు. "నువ్వు ఒప్పుకోవనుకున్నానమ్మా. అమ్మకి ఒకసారి ఫోనివ్వు. గట్టిగా అరుస్తాలే, వినపడుతుంది."

ఆమె ఫోను పట్టుకుని ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. దాని ముందు బఠాణీ ఇంకా తిరుగుతూనే ఉంది.

సాయంత్రం ఎక్స్‌రే వచ్చింది. అత్తగారి కుడి తుంటి ఎముక విరిగింది. బఠాణీ ఒంటి మీద గాటు లేదు. ఆ రోజు దుంగ ఎవరినీ కరవలేదు.